సార్ పంపించారు కదా, నమ్మకపోతే ఎలా?



ఇది కొంచెం పెద్ద పోస్టే. సిగ్నల్ ఉన్నచోట తెరిచి పెట్టుకుని, తీరిక చూసుకుని చదవండి. మేము హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. కింద దాంతో పని ఉంది.

పోయిన ఏడాది మా ఊరి వైపు ఒక హైస్కూల్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "ఎస్టీ విద్యార్థులకు ప్రభుత్వం ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇస్తోంది. రేపే ఆఖరి తేదీ. కింద లింకులో వివరాలు నింపండి." పైన ప్రభుత్వ ముద్ర లాంటి బొమ్మ, కింద నీలం రంగు లింకు. గ్రూపులో పెట్టింది లెక్కల సార్. ఆయనకి ఇంకెవరో టీచర్ పంపించారు, ఆ టీచర్‌కి ఇంకెవరో. పిల్లలకి మేలు జరుగుతుందని సార్ అలాగే ముందుకు తోశారు.

తొమ్మిది మంది పిల్లలు నింపారు. ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా నంబర్, ఆ తర్వాత ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కూడా. అందులో ఒక చెల్లి వాళ్ల అమ్మ ఖాతా ఇచ్చింది. ఆ ఖాతాలో ఉపాధి హామీ కూలి, కాఫీ గింజలు అమ్మిన డబ్బు కలిపి 6,200 రూపాయలు ఉన్నాయి. సాయంత్రానికి ఏమీ లేవు.

మేము సెలవుకి ఊరెళ్లినప్పుడు ఆ అమ్మని కలిశాం. "అలాంటి లింకులు నొక్కొద్దని చెప్పాలి కదా అత్తా" అన్నాం. ఆవిడ మమ్మల్ని చూసి ఒకటే మాట అంది: "సార్ పంపించారు కదా నాన్నా. నమ్మకపోతే ఎలా?"

మా దగ్గర జవాబు లేదు. ఆ సార్ తన జేబులోంచి రెండు వేలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. ఊళ్లో ఎవరూ ఆయన్ని తిట్టలేదు. మేమూ తిట్టం. మాకు లెక్కలు వచ్చాయంటే అలాంటి సార్ల వల్లే. ఆయన చెడ్డవాడు కాదు, తెలివి తక్కువవాడు అసలే కాదు. ఆయనకి ఈ పని ఎవరూ నేర్పలేదు, అంతే.

ఈ పోస్టులో మేము చెప్పదలచుకున్నది కూడా అదే. పిల్లల చేతికి ఫోను వచ్చింది, ట్యాబు వచ్చింది, బడి గోడ మీదకి పెద్ద తెర వచ్చింది. వాటిల్లో కనిపించేదాన్ని ఎలా చదవాలో, దేన్ని నమ్మాలో, దేన్ని పక్కన పెట్టాలో నేర్పే టీచర్‌ని మాత్రం ఎవరూ తయారు చేయలేదు. మన ఏజెన్సీలో ఈ లోటు మైదానంలో కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎందుకంటే మైదానంలో పిల్లాడికి అనుమానం వస్తే అడగడానికి ఇంట్లో నాన్న ఉంటాడు, బాబాయి ఉంటాడు, పక్కింటి ఉద్యోగి ఉంటాడు. మన గూడేల్లో చాలాచోట్ల చదువుకున్న మనిషి అంటే టీచర్ ఒక్కరే. ఆయన ఫార్వర్డ్ చేస్తే అది ఫార్వర్డ్ కాదు, సంతకం పెట్టిన కాగితం.

ఫోను నొక్కడం వచ్చు, చదవడం వేరు

"ఈ కాలం పిల్లలకి ఫోన్ గురించి నేర్పాలా, వాళ్లే మనకి నేర్పుతారు" అని చాలామంది టీచర్లు అంటారు. ఇందులో సగమే నిజం.

అసర్ సర్వే 2024లో దేశంలోని గ్రామాల పిల్లల్ని అడిగింది. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వచ్చినవాళ్లలో సర్వేకి ముందు వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం. సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. అంతకు ముందు ఏడాది అదే సంస్థ 14 నుంచి 18 ఏళ్ల వాళ్లని చూసింది. సోషల్ మీడియా వాడేవాళ్లలో సుమారు సగం మందికే భద్రతా సెట్టింగుల గురించి తెలుసు. ఇంకో అంకె చూస్తే గుండె జారిపోతుంది. ఆ వయసు వాళ్లలో నలుగురిలో ఒకరు తమ ప్రాంత భాషలో 2వ తరగతి పాఠం కూడా గడగడా చదవలేకపోయారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చదవడం సరిగ్గా రాని పిల్లాడి చేతిలో లోకంలోని రాతలన్నీ ఉన్నాయి. వాడు చదవడు. బొమ్మ చూస్తాడు, రంగు చూస్తాడు, "వెంటనే", "ఉచితం", "ఆఖరి తేదీ" అన్న మాటలు చూస్తాడు, నొక్కుతాడు. బొటనవేలు పరుగెడుతుంది, బుర్ర వెనకాల నడుస్తుంది.

పాఠ్యపుస్తకం చదవడం, ఇంటర్నెట్‌లో చదవడం ఒకటి కాదు. పాఠ్యపుస్తకాన్ని ఎవరో కూర్చుని రాశారు, ఎవరో తప్పులు చూశారు, ప్రభుత్వం అచ్చు వేసింది. అందుకే అందులో ఉన్నది నిజమని మొదలుపెట్టి చదువుతాం. మన టీచర్లకి నేర్పిందీ ఆ చదువే. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయొచ్చు. తప్పు చూసేవాడు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అక్కడ తప్పులు చూడాల్సింది చదివేవాడే. ఆ పని అప్పటిదాకా మన చేతిలో ఎవరూ పెట్టలేదు. మనకీ పెట్టలేదు, సార్‌కీ పెట్టలేదు.

ఆంధ్రలో 2022 డిసెంబర్ 21 నుంచి 8వ తరగతి పిల్లలకీ వాళ్ల టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. మంచిదే. కానీ వాటిలో పాఠాలు ముందే నింపి ఇచ్చారు. అంటే అది తెర ఉన్న పాఠ్యపుస్తకం. ఎంచి పెట్టినదాన్ని చూడటం పిల్లలు నేర్చుకున్నారు. తామే ఎంచుకోవడం ఎక్కడ నేర్చుకోవాలి? ట్యాబు కింద పెట్టి అమ్మ ఫోను తీసుకున్న నిమిషం నుంచీ వాళ్లకి అవసరమయ్యేది అదే కదా.

పుట్టగొడుగు లెక్క

మన వాళ్లకి ఈ విద్య కొత్త కాదు అని మాకు అనిపిస్తుంది. తొలకరి పడ్డాక అడవిలో పుట్టగొడుగులకి వెళ్తాం కదా. చూడ్డానికి తెల్లగా, బొద్దుగా ఉందని ఎవరైనా తెచ్చి వండుతారా? ఎక్కడ మొలిచిందో చూస్తాం. పుట్ట మీదా, ఏ చెట్టు మొదట్లో? వాసన చూస్తాం. అయినా అనుమానం ఉంటే తట్టలో పెట్టుకుని తెచ్చి అవ్వకి చూపిస్తాం. అవ్వ వద్దంటే పారేస్తాం. పుట్టగొడుగు ఎంత అందంగా ఉన్నా దాన్ని మాత్రమే చూసి నిర్ణయించం. దాని చుట్టూ చూస్తాం.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఒక పరిశీలన బయటపెట్టారు. 10 మంది చరిత్ర పండితులు, 10 మంది వార్తల్లో నిజానిజాలు తేల్చడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. వీళ్లందరికీ కొన్ని వెబ్‌సైట్లు చూపించి, ఇవి నమ్మదగ్గవా కాదా చెప్పమన్నారు. పండితుల్లో, విద్యార్థుల్లో చాలామంది ఆ పేజీలోనే ఉండిపోయి పైనుంచి కిందకి శ్రద్ధగా చదివారు. ముద్ర బాగుంది, పేరు గంభీరంగా ఉంది అని మోసపోయారు. నిజానిజాలు తేల్చేవాళ్లు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు నిలబడలేదు. వెంటనే పక్కన ఇంకో పేజీ తెరిచి, "ఈ సైటు ఎవరిది? వీళ్ల గురించి మిగతావాళ్లు ఏమంటున్నారు?" అని వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబుకి వచ్చారు.

చూశారా, పుట్టగొడుగు లెక్కే. దాన్నే చూస్తూ కూర్చోవడం కాదు, చుట్టూ చూడటం.

ఈ సంగతి మన టీచర్లకి ధైర్యం ఇవ్వాలని మా కోరిక. పీహెచ్‌డీలు చేసిన పండితులే అక్కడ తడబడ్డారు. కాబట్టి మన లెక్కల సార్ తడబడ్డారంటే అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. పెద్ద చదువు ఉన్నంత మాత్రాన ఇది రాదు, విడిగా నేర్చుకోవాలి. నేర్చుకుంటే వస్తుంది.

శిక్షణలు లేవా అంటే ఉన్నాయి

2017లో దీక్ష వేదిక వచ్చింది. 2019లో నిష్ఠ పేరుతో దేశమంతా టీచర్ల శిక్షణ మొదలైంది, తర్వాత అది ఆన్‌లైన్‌లోకీ వచ్చింది. వాటిలో ఐసీటీ మీద భాగాలు ఉన్నాయి. బీఎడ్‌ని రెండేళ్లు చేసిన 2014 నిబంధనల తర్వాత ఐసీటీ మీద ఒక పేపర్ కూడా పెట్టారు. దాని పేరులోనే విమర్శనాత్మక అవగాహన అనే మాట ఉంది. పేరు మంచిదే. కానీ బీఎడ్ చేస్తున్న మా సీనియర్ అక్కని "అందులో ఏం నేర్పారు" అని అడిగితే, "స్లైడ్లు తయారు చేయడం, రికార్డు రాయడం" అంది. ఒక ఆన్‌లైన్ శిక్షణ గురించి ఇంకో సార్ నవ్వుతూ చెప్పారు: "వీడియో ఆన్ చేసి పెట్టి వంట చేసుకున్నాను. అన్నం ఉడికేసరికి సర్టిఫికెట్ వచ్చేసింది."

మేము ఆ సార్‌ని తప్పు పట్టడం లేదు. ఆయన రోజు ఎలా గడుస్తుందో చూస్తూనే ఉన్నాం. హాజరు యాప్‌లో, భోజనం ఫొటో యాప్‌లో, అదీ ఇదీ యాప్‌లో. సిగ్నల్ కోసం బడి వెనక గట్టెక్కి ఫోను పైకెత్తి నిలబడతారు. మన టీచర్ల చేతిలో ఫోను ఉంది, కానీ అది పైకి పంపించడానికే. చదవడానికి, చదివించడానికి కాదు. ఏ మీట నొక్కాలో చెప్పే శిక్షణ వాళ్లకి ఇప్పటికే చాలా అయింది. నొక్కే ముందు ఏం అడగాలో చెప్పే శిక్షణ కావాలి.

ఇది డబ్బుతో పోయే విషయం కాదు

ల్యాప్‌టాప్ లింకు అంటే 6,200 పోయాయి. అంతకంటే పెద్దవి పోయిన చోట్లు ఉన్నాయి.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి, గుర్తుందా? ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంతకి వచ్చిన ఐదుగురిని జనం కొట్టి చంపేశారు. వాళ్లు భిక్షాటన చేసుకునే సంచార జాతివాళ్లు. చంపినదీ మనలాంటి పల్లె జనమే. అదే ఏడాది తెలంగాణలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఇంకో దారి పట్టారు. పోలీసుల్ని ఊరూరికీ పంపించి, ఫోన్‌లో వచ్చినదల్లా నమ్మొద్దని గ్రామసభల్లో చెప్పించారు. జానపద కళాకారులతో పాటలు కట్టించి పాడించారు. పోలీసులే ఆ పని చేయగలిగినప్పుడు రోజూ పిల్లల ముందు నిలబడే టీచర్లు చేయలేరా? కాకపోతే ఆ పోలీసులకి ముందు ఎవరో కూర్చోబెట్టి చెప్పారు. మన టీచర్లకీ అలా చెప్పాలి.

ఇంకొకటి మన ఇంటిదే. జీవో నంబర్ 3. షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఇచ్చిన జీవో. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు లాక్‌డౌన్. మేము హైస్కూల్లో ఉన్నాం. మా ఊళ్లో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది: "ఇప్పటిదాకా ఉద్యోగాలు వచ్చిన మన టీచర్లందరినీ తీసేస్తారు" అని. ఆ జీవో మీద ఉద్యోగం వచ్చిన మా ఊరి మాస్టారి భార్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. నిజానికి ఆ తీర్పులోనే ఉంది, అప్పటిదాకా జరిగిన నియామకాలని షరతుతో కాపాడుతున్నాం అని. ప్రభుత్వాలు మళ్లీ అలా నూరు శాతం ఇవ్వకూడదన్నది ఆ షరతు. తీర్పు మనకి పెద్ద దెబ్బే, ఆ బాధ ఇప్పటికీ ఉంది. కానీ ఆ దెబ్బ ఎంతవరకో తెలుసుకోవాలంటే తీర్పు చదవాలి. వందకు పైగా పేజీలు, ఇంగ్లీషులో. ఎక్కడ దొరుకుతుంది, ఏ పేరా చూడాలి, ఎవరి వివరణ నమ్మాలి అని చెప్పేవాళ్లు ఆ రోజు ఊళ్లో ఒక్కరు ఉన్నా ఆవిడ అన్నం తినేది. హక్కు కోసం పోరాడేవాళ్లకి ముందు ఆ హక్కు గురించి రాసిన కాగితం చదవడం రావాలి. ఇప్పుడు ఆ కాగితాలన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటున్నాయి.

మన భాష, మన సంగతులు

ఈ మధ్య జూనియర్లు ప్రాజెక్టు వర్క్ అంటే ఏఐ చాట్‌ని అడిగేస్తున్నారు. మేమూ అడుగుతాం, దాపరికం లేదు. ఒక తమ్ముడు ఇటుకల పండుగ గురించి రాయమని అడిగాడు. మన విశాఖ ఏజెన్సీ వాళ్లకి తెలుసు, చైత్రంలో విత్తనాలకి పూజ చేసి, మగవాళ్లు వేటకి వెళ్లే పండుగ. ఆ చాట్ ఏం చెప్పిందో తెలుసా? ఇటుకలు పేర్చి, కొత్త ఇళ్లు కట్టుకునే శుభ సందర్భమట! నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ తమ్ముడు దాన్ని అలాగే రికార్డులో రాసేశాడు. మైదానం నుంచి వచ్చిన కొత్త టీచర్ గారు దాని మీద టిక్ పెట్టి సంతకం చేశారు.

తమ్ముడికి పండుగ తెలుసు. ఏటా ఆడతాడు. కానీ తెర మీద అచ్చు తెలుగులో, తడబాటు లేకుండా కనబడేసరికి తన ఇంటి సంగతి కంటే దాన్నే నమ్మాడు. ఇది మాకు ల్యాప్‌టాప్ లింకు కంటే భయం వేసిన సంగతి. మన గురించి రాసిన తప్పుని మనమే కాపీ చేసుకుంటున్నాం. టీచర్‌కి శిక్షణ ఉంటే ఆ రోజు ఒక్క మాట అడిగేవారు: "నువ్వు చూసిన పండుగ ఇదేనా?" ఆ ఒక్క ప్రశ్నతో మంచి పాఠం అయ్యేది.

భాష సంగతీ అంతే. గోండి, కోయ, కువి, సవర, కొలామి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో చిన్నపిల్లలకి పుస్తకాలు తయారు చేసిన అనుభవం మన రాష్ట్రాలకి ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచే ఉంది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే కంప్యూటర్‌లో దానికి చోటు దొరికింది. కానీ చోటు ఉన్నంత మాత్రాన రాత ఉండదు, ఎవరో రాయాలి. ఆన్‌లైన్‌లో మన భాషలో దొరికేది చాలా తక్కువ కాబట్టి మన పిల్లాడు ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో చదవాలి. ఇంట్లో ఒక భాష, బళ్లో ఒకటి, తెర మీద ఇంకొకటి. మూడు మెట్లు ఎక్కి వచ్చేవాడికి "ఇది నిజమా" అని ఆగి అడిగే ఓపిక మిగలదు. ఆ పిల్లాడి ఇంటి భాష తెలిసిన టీచర్‌కి ఇవన్నీ నేర్పితే, ఆ ప్రశ్న అడగడం అమ్మ భాషలోనే వస్తుంది.

"ఫోన్లు లాగేసుకుంటే పోయె" అనేవాళ్లకి

మా వార్డెన్ సార్ మాట ఇది. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాం. రాత్రి పన్నెండు దాకా రీల్స్ చూస్తారు, పొద్దున్న నిద్రపోతారు, నిజమే. బళ్లో, స్టడీ అవర్‌లో ఫోను వద్దంటే ఒప్పుకుంటాం. కానీ స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫోన్‌లో, హాల్ టికెట్ ఫోన్‌లో, కౌన్సెలింగ్ ఫోన్‌లో, ఫలితాలు ఫోన్‌లో. ఏడాదంతా లాగేసుకుని చివర్లో "వెళ్లి నింపుకో" అంటే, ఈత నేర్పకుండా గెడ్డ దాటమన్నట్టే. ముఖ్యంగా ఆడపిల్లలు. 2023 అసర్ చూస్తే, ఆ వయసులో ఫోను వాడటం తెలిసిన అబ్బాయిల్లో సొంత ఫోను ఉన్నవాళ్లు సుమారు 44 శాతం, అమ్మాయిల్లో 20 శాతమే. నిషేధం పెడితే ఎవరికి ఎక్కువ దెబ్బో మేము చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, "టీచర్లకి ఇప్పటికే పని ఎక్కువ" అని. ఇది నిజమైన అభ్యంతరం. అందుకే మేము కొత్త సబ్జెక్టు, కొత్త యాప్, కొత్త రిజిస్టర్ అడగడం లేదు. అవి పెడితే ఇది కూడా ఫొటో తీసి పంపే పని అయిపోతుంది. ఉన్న పాఠాల్లోనే ఇది కలిసిపోవాలి. సైన్స్ సార్ ఆకు పసరు వైద్యం వీడియో చూపించి అడగొచ్చు. సోషల్ మేడం జీవో చూపించి అడగొచ్చు. తెలుగు మాస్టారు ఒక ఫార్వర్డ్ తెచ్చి, ఇందులో ఏ మాట భయపెడుతోంది, ఏ మాట ఆశపెడుతోంది అని అడగొచ్చు.

మేము అడిగేది ఇంతే

ఒకటి. శిక్షణ ఐటీడీఏ స్థాయిలో, ముఖాముఖి జరగాలి. టీచర్లు తమ ఫోన్లే తెచ్చుకోవాలి. ఆ నెలలో ఆ మండలంలో తిరిగిన మెసేజ్‌లనే ముందు పెట్టి, ఒక్కొక్కదాన్నీ వాళ్లచేతే తేల్చించాలి. ఒక్కరోజు ఉపన్యాసం వద్దు. రెండు మూడు నెలలకోసారి సగం రోజు చాలు, కానీ ఆగకూడదు.

రెండు. టీచర్‌కీ పిల్లలకీ నోటికి వచ్చేలా మూడు ప్రశ్నలు. ఇది చెప్తున్నది ఎవరు? సాక్ష్యం ఏమిటి? మిగతావాళ్లు ఏమంటున్నారు? స్టాన్‌ఫర్డ్ వాళ్లు పిల్లలకి నేర్పేవీ ఈ మూడే. గోడ మీద తెలుగులో, మన భాషల్లో రాసి పెట్టాలి.

మూడు. టీచర్ "నాకూ తెలియదు, కలిసి చూద్దాం" అనడానికి భయపడని వాతావరణం ఉండాలి. తెలియదని ఒప్పుకుంటే పరువు పోతుందని అనుకునే చోట తప్పుడు మెసేజ్ ఆగదు. తప్పు పంపిన రోజు "పొరపాటు పడ్డాను, నమ్మకండి" అని అదే గ్రూపులో పెట్టగలగాలి. అంతకంటే మంచి డిజిటల్ పాఠం ఉండదు.

నాలుగు. వార్డెన్లు, డిప్యూటీ వార్డెన్లు, ఆశా కార్యకర్తలు కూడా అందులో ఉండాలి. హాస్టల్ పిల్లాడికి సాయంత్రం ఆరు తర్వాత టీచర్ వార్డెనే కదా.

ఇది అయ్యే పనేనా అంటారేమో. కేరళ చూడండి. 2018లో కన్నూర్ జిల్లాలో 'సత్యమేవ జయతే' పేరుతో ప్రభుత్వ బడుల్లో తప్పుడు వార్తల మీద పాఠాలు పెట్టారు. ముందు టీచర్లకి నేర్పి, వాళ్లచేత పిల్లలకి చెప్పించారు. తర్వాత 2022లో అక్కడి ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ కైట్ ఇదే పేరుతో రాష్ట్రమంతా 5 నుంచి 10 తరగతుల పిల్లలకి తరగతులు నడిపింది. యునెస్కో అయితే 2011లోనే టీచర్ల కోసం దీని మీద పాఠ్యప్రణాళిక తయారు చేసి పెట్టింది. దారి ఉంది, నడవాలి.

అప్పటిదాకా మనం

ఎవరో వచ్చి చేస్తారని కూర్చుంటే ఇంకో అత్త ఖాతా ఖాళీ అవుతుంది. మా హాస్టల్లో ఆదివారం రాత్రి భోజనాలయ్యాక అరగంట పెట్టుకున్నాం. ఆ వారం వచ్చిన మెసేజ్ ఒకటి తీసుకుంటాం, మూడు ప్రశ్నలు అడుగుతాం. ప్రభుత్వ సైటు అయితే చివర్లో గవ్ డాట్ ఇన్ ఉందా అని చూస్తాం. పథకం పేరుతో వస్తే పీఐబీ ఫ్యాక్ట్ చెక్‌లో వెతుకుతాం. ఓటీపీ ఎవరికీ చెప్పం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలని అందరి ఫోన్లలోనూ ఆ నంబర్ వేసి పెట్టాం. ఇంత చేసినా మొన్న మాలో ఒకడు ఫ్రీ రీఛార్జ్ లింకు నొక్కేశాడు. ఏమీ పోలేదు, సిగ్గు పడ్డాడు. నేర్చుకోవడం అంటే అలాగే ఉంటుంది.

సెలవులకి వెళ్లినప్పుడు ఆ లెక్కల సార్‌ని కలిసి ఇదంతా చెప్పాం. చెప్పడానికి మొహమాటపడ్డాం, సార్‌కి మేము చెప్పడం ఏమిటని. ఆయన కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకుని, "ఏదీ, మళ్లీ మొదట్నుంచి చూపించండిరా" అన్నారు. ఇప్పుడు ఆ గ్రూపులో ఏదైనా లింకు వస్తే ముందు మాకు పంపిస్తున్నారు: "ఇది చూడండి, పెట్టొచ్చా?"

టీచర్లు నేర్చుకోవడానికి సిద్ధంగానే ఉన్నారు. వాళ్లకి నేర్పాల్సిన బాధ్యత ఇరవై ఏళ్ల హాస్టల్ పిల్లలది కాదు, ప్రభుత్వానిది. ఆ మాట ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీగా పెడదామనుకుంటున్నాం. మీ మండలంలో టీచర్లకి ఇలాంటి శిక్షణ ఎప్పుడైనా జరిగిందా, జరిగితే ఏం నేర్పారు, మీ ఊళ్లో ఏ తప్పుడు మెసేజ్ వల్ల ఎవరు నష్టపోయారు, పేర్లు లేకుండా కింద రాయండి. అన్నీ కలిపి అర్జీకి జత చేస్తాం.

"సార్ పంపించారు కదా, నమ్మకపోతే ఎలా" అని ఆ అత్త అన్న మాట తప్పు కాదు. సార్‌ని నమ్మడం మన గూడేలకి ఉన్న మంచి అలవాటు. ఆ నమ్మకం పోకుండా చూసుకోవాలి. సార్ పంపిస్తే ఇకముందు కూడా నమ్మగలగాలి.

జై ఆదివాసీ!